గోల్ కొడితే పిలుస్తాలే

"గోల్ కొడితే పిలుస్తాలే. నువ్వు ముందు అరటికాయల సంగతి చూడు," అన్నాడు మా ఆయన ఓస్నేర్, అన్ని శనివారాలూ అన్నట్టే.

అనేసి ముందు వరండాలోకి వెళ్లిపోయాడు. అక్కడ టీవీ ఉంది, దాన్ని నడిపే బ్యాటరీ ఉంది, మా వీధి మగవాళ్లంతా ఉన్నారు. ఆట మొదలయ్యేదాకా డామినో ఆడుకుంటారు. ఓడినవాడి చెవులకు బట్టల క్లిప్పులు తగిలించడం మా జాక్మెల్ ఊళ్లో ఆనవాయితీ. ఆ క్లిప్పులు నా దండెం మీదివే. సాయంత్రం బట్టలు ఆరేయాలంటే నేను వాళ్ల చెవులు వెతుక్కోవాలి.

వెనక పెరట్లో బొగ్గుల పొయ్యి దగ్గర నేనూ, మా అత్తగారు సెలియానూ. ఆవిడ చెక్కు తీస్తుంది. నేను వేయించి, అణిచి, మళ్లీ వేయిస్తాను. వాళ్లు బీరుతో నంజుకుంటూ చూసేది మా ఫెద్లీన్ ఆటనే. ఫెద్లీన్ మా ఆఖరి ఆడపడుచు. పంతొమ్మిదేళ్లది. రెండేళ్లుగా ఫ్రాన్స్‌లో ఒక క్లబ్బుకి ఫుట్‌బాల్ ఆడుతోంది. ఈ రెండేళ్లలో దాని ఆట నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఎందుకంటే ఫెద్లీన్ గోల్ కొట్టదు. లెఫ్ట్ బ్యాక్ ఆడుతుంది. ఎదుటివాళ్లని గోల్ కొట్టనివ్వకపోవడమే దాని పని. ఆ సంగతి తెలిసే ఓస్నేర్ పిలుస్తానంటాడో, తెలియకే అంటాడో మరి.

నేను ఈ ఇంటికి వచ్చేసరికి దానికి తొమ్మిదేళ్లు. జడలు అల్లుతుంటే కుదురుగా కూర్చునేది కాదు, కాళ్ల కింద నిమ్మకాయో రాయో ఏదో ఒకటి తంతూనే ఉండేది. మధ్యాహ్నం కుళాయి నుంచి నీళ్లు తేవడం దాని వంతు. మైదానంలో ఆట కూడా అదే వేళకి. దాని బకెట్టు కూడా నేనే మోసుకొచ్చి, పిల్ల వెనకాలే వస్తోందని అత్తగారికి చెప్పేదాన్ని. మగపిల్లలతో దూకి కాలు విరగ్గొట్టుకుంటే దీన్నెవరు చేసుకుంటారని ఆవిడ గొణిగేది. ఆడపిల్లకి బంతెందుకు, చీపురుంది గదా అనేవాడు ఓస్నేర్. ఇప్పుడు ఆ నోటితోనే, దాని ఎడమ కాలికి ఆట నేర్పింది తనేనని వరండాలో చెప్పుకుంటున్నాడు. పొయ్యి దగ్గరికి అన్నీ వినిపిస్తాయి. ఎడమ కాలి కథ నాకు తెలుసు. అమెరికా నుంచి వచ్చే పాతబట్టల గుట్టలో అత్తగారు ఒక జత బూట్లు వెతికి తెచ్చింది. ఆడే పిల్లలు ఇద్దరు, ఫెద్లీనూ దాని చిన్నన్నా. ఇలాంటప్పుడు చెరొకటి తొడుక్కోవడం ఇక్కడి పిల్లలకి మామూలే. కుడిది కొడుక్కిచ్చారు. మిగిలినదాంతోనే ఆడి ఆడి, ఆ ఎడమ కాలితోనే ఫ్రాన్స్ దాకా వెళ్లింది ఆ పిల్ల.

అక్కడ మొదటి చలికాలమంతా బెంచీ మీదే కూర్చుంది. వేళ్లు మొద్దుబారిపోతున్నాయి, బంతి రాయిలా తగులుతోంది అని ఫోన్లో చెప్పేది. వచ్చేస్తానని మాత్రం ఒక్కసారీ అనలేదు. తర్వాత ఆఖరి పది నిమిషాలు దింపారు, తర్వాత సగం ఆట. బెంచీ వేడి చేయడానికి అంత దూరం వెళ్లాలా అని వరండాలో నవ్వుకున్నారు. ఆట అయిన ప్రతిసారీ చూశావా వదినా అని అడిగేది. విన్నాను తల్లీ అనేదాన్ని. మగవాళ్ల కేకలు విన్నమాట నిజమే. ఈ ఉదయం మాత్రం వేరేలా మాట్లాడింది.

"వదినా, ఇవాళ మొదటి నిమిషం నుంచీ నేనే. అన్నయ్య గోల్ కొట్టావా అని అడిగి ఊరుకుంటాడు. నేనెలా ఆడానో నువ్వు చూసి చెప్పు. నువ్వు చెబితేనే నమ్ముతాను."

నూనె కాగింది. వరండాలోంచి ఆట మొదలైన ఈల వినిపించింది. మూకుడు దించి పక్కన పెట్టి, నిప్పుల మీద బూడిద కప్పాను. జనం అడుగుతారే అంది అత్తగారు. అడగనీ అత్తయ్యా అన్నాను. చేతులు కడుక్కుని వెళ్లి, డామినో బల్ల కాస్త జరిపి, అందరికంటే ముందు కూర్చున్నాను. ఓస్నేర్ రెండు చెవులకీ రెండు క్లిప్పులతో నన్ను వింతగా చూశాడు. అరటికాయలేవి, ఇమాకులా, అని నన్ను పేరు పెట్టి అడిగాడు. ఆట అయ్యాక అన్నాను.

టీవీలో ఫెద్లీన్ ఎంత పొడుగైపోయిందో. బంతి ఎక్కడో ఉన్నప్పుడు కూడా పని చేస్తూనే ఉంది. పక్కపిల్లని ముందుకు పొమ్మంటుంది, ఆమె వదిలిన ఖాళీలో తను నిలబడుతుంది, ఎదుటిపిల్ల ఎటు తిరగబోతోందో ముందే కనిపెట్టి అక్కడ ఉంటుంది. టీవీ దాన్ని పట్టించుకోదు, బంతి వెంట పోతుంది. నేను మాత్రం తెర అంచున దాని కోసమే వెతుక్కున్నాను. కాపలా కాయడం ఇంత అందంగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. అన్నం మాడకుండా, నీళ్లు నిండుకోకుండా, ఎవరూ ఆకలితో పడుకోకుండా రోజంతా చూసుకుని, పొద్దున్నుంచీ ఏం చేశావని అడిగితే చెప్పడానికి ఏమీ దొరకనిదాన్ని నేను. ఆ పిల్లని చూస్తుంటే నా కడుపు నిండిపోయింది.

రెండో సగంలో అవతలి జట్టు పిల్ల ఒక్కతే బంతితో దూసుకొచ్చింది. గోల్‌కీపర్ అప్పటికే కింద పడిపోయింది. గోలు ఖాళీగా ఉంది. ఎక్కడినుంచి వచ్చిందో ఫెద్లీన్, నేల మీద జారుకుంటూ వచ్చి ఎడమ కాలితో బంతిని గీత బయటికి తోసేసింది. లేచి, మోకాలి బురద దులుపుకుని, తన చోటికి తను వెళ్లిపోయింది. వరండాలో ఒకాయన బీరు సీసా మూత తీసుకుంటున్నాడు. నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను.

"గోలే పడలేదు కదే, దేనికా చప్పట్లు?" అన్నాడు ఓస్నేర్.

"పడలేదు కాబట్టే," అన్నాను.

వెనక్కి తిరిగితే గుమ్మంలో అత్తగారు, చేతిలో చెక్కు తీసే కత్తి. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు. కూతురి ఆట ఆవిడ కూడా చూడటం ఇదే మొదటిసారని నాకు అప్పుడు తట్టింది. ఆవిడ నెమ్మదిగా వచ్చి, ఆ కత్తి కొడుకు చేతిలో పెట్టింది.

"సగం కాయలు మిగిలాయి, పోయి చెక్కు తీయి," అంది. తర్వాత నా భుజం తట్టింది. "కాస్త జరగవే. నాకు పిల్ల కనిపించట్లేదు."