ఫర్హత్ కాలు ఎవరు కొలిచారు?

తప్పు మీది. వికారాబాద్ ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని ఆరుగురు ఆడవాళ్లకు ఆరు మౌంటెన్ సైకిళ్లు ఎంపిక చేసిన ట్రస్టు పెద్దలు మీరే. "ఫర్హత్‌కు తొక్కడం రాదు" అని ఇప్పుడు ఫైలులో రాసుకున్నదీ మీరే.

ఫర్హత్‌కు నలభై మూడేళ్లు. పెద్దేముల్ మనిషి. రోజూ పొద్దున్నే మీ ట్రస్టు మందుల డబ్బా తీసుకుని నాలుగు ఊళ్లు తిరుగుతుంది. బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు, ఐసు మధ్యన ఇన్సులిన్ సీసాలు. ఎనిమిదేళ్లు ఈ పని లేడీస్ సైకిల్ మీదే చేసింది. వెనక క్యారియర్ మీద డబ్బా పెట్టి, పాత ట్యూబు ముక్కతో రెండు చుట్లు బిగించేది. ఎనిమిదేళ్లలో ఒక్క సీసా పగల్లేదు. మీ రిజిస్టర్లోనే ఉంది ఈ సంగతి. ఓపిక ఉంటే తీసి చదవండి.

ఆ సైకిల్‌ను మీరు లాక్కున్నారు. కొత్తది ఇవ్వాలంటే పాతది దుకాణంలో అప్పజెప్పాలన్నారు. అప్పజెప్పింది.

మౌంటెన్ సైకిల్ ఆలోచన చెడ్డదని ఎవరూ అనడం లేదు. ఆ దారిలో నాపరాళ్ల లారీలు పోయి పోయి గుంతలు పడ్డాయి. పక్కన చీలిన రాళ్లు, వానొస్తే రేగడి బురద. వెడల్పు టైర్లు, మిట్ట ఎక్కడానికి తేలిక గేరు ఉంటే మంచిదే. కానీ సైకిల్ ఎంచేవాడు ఎవరు తొక్కుతారు, ఏం మోస్తారు, ఏ దారిన పోతారు అని ముందు అడగాలి. మీకు ఫొటోలో ఏది బాగుంటుందన్నదే ముఖ్యమైంది. మీ అధ్యక్షుడు సంతోష్ ఆదివారాలు అనంతగిరి గుట్ట ఎక్కుతాడు గనుక ఆయన తొక్కే రకమే ఆరుగురికీ వచ్చింది. ఇరవై తొమ్మిది ఇంచుల చక్రాలు, ముందు లావు షాకప్‌లు, ఇరవై ఒక్క గేర్లు. క్యారియర్ లేదు, మడ్‌గార్డు లేదు. స్టాండు కూడా లేదు. అందుకే సైకిళ్లు పంచిన మీ సభలో ఆడవాళ్లంతా గంటసేపు సైకిళ్లను చేత్తో పట్టుకుని నిలబడ్డారు. అది మీకు మర్యాదగా కనిపించింది. ఒక్కరినైనా ఎక్కి చూడమనలేదు.

మర్నాడు ఫర్హత్ ఎక్కింది. సీటు మీద కూర్చుంటే కాలి వేళ్లు కూడా నేలకు అందలేదు. డబ్బాను చున్నీతో వీపుకు కట్టుకుంది. మూడో మలుపులో లారీ ఎదురొస్తే బ్రేకు వేసింది. కాలు ఆనించబోతే నేల తగల్లేదు. సైకిల్ ఒక పక్క, మనిషి ఒక పక్క. మూడు సీసాలు పగిలాయి, మోచేయి చీరుకుపోయింది.

మిగిలిన మందులతో నడిచి పోయింది. ఆఖరి ఊళ్లో చంద్రవ్వ ఉంటుంది. ముసలామెకు కళ్లు ఆనవు, ఒంటరిది. పొద్దున తొమ్మిదికల్లా ఫర్హత్ సూది వేస్తేనే అన్నం ముట్టుకుంటుంది. ఆ రోజు ఫర్హత్ గడప తొక్కేసరికి పన్నెండు దాటింది. చంద్రవ్వ గోడకు ఒరిగి ఉంది. అన్నం గిన్నె మీద మూత పెట్టింది పెట్టినట్టే ఉంది.

"వస్తవని కూసున్న బిడ్డా. తింటే నువ్వు తిడ్తవని తినలే," అన్నది.

నాలుగు రోజులు ఇలాగే నడక, ఇలాగే ఆలస్యం. నాలుగో రోజు చంద్రవ్వ కళ్లు తిరిగి పడింది. పక్కింటివాళ్లు చూసి లేపారు.

ఐదో రోజు మందులన్నీ ఇచ్చాక ఫర్హత్ షేర్ ఆటో మీద సైకిల్ వేయించి తాండూరు తీసుకుపోయింది. రిపేరు దుకాణం బాల్‌రాజ్ సీటును అడుగుకంటా దించాడు. అయినా అందలేదు. క్యారియర్ బిగిద్దామంటే ఫ్రేముకు దానికి బెజ్జాలే లేవు. అతను టేపు తీసి భార్య పద్మమ్మకిచ్చాడు. ఆమె ఫర్హత్‌ను లోపలికి తీసుకుపోయి, గోడకు నిలబెట్టి, కాలు లోపలి కొలత తీసింది. ఇరవై ఆరు ఇంచులు. సైకిల్ నడిమి గొట్టం నేల నుంచి ముప్పై ఒకటి.

"అక్కా, గిది నీ సైకిల్ గాదు. ఆరడుగుల మొగోనిది," అన్నాడు బాల్‌రాజ్. "నీకు పద్నాలుగు ఇంచుల ఫ్రేము గావాలె. గొట్టం కిందికి వంగి ఉండాలె. చక్రం ఇరవై ఆరు సాలు. గా ముందట షాకప్ వద్దే వద్దు, ఉత్త బరువు."

ఏడో తరగతి దాటని మనిషి, ఒక టేపుతో పది నిమిషాల్లో తేల్చాడు. మీకు రెండు నెలల్లో మూడు మీటింగులు చాలలేదు.

మర్నాడు మీరు ఆమెను వికారాబాద్ పిలిపించారు, పగిలిన సీసాలకు, ఆలస్యానికి సంజాయిషీ కోసం. ఆమె కొలత కాగితం బల్ల మీద పెట్టి, నాకు ఇంత పెద్ద సైకిల్ ఎవరు రాశారని అడిగింది. గుమాస్తా లిస్టు తీశాడు. ఫర్హత్ పేరు ఎదురుగా "ఎల్" అని ఉంది. నువ్వే చెప్పావుగా అన్నాడు.

చెప్పింది నిజమే. సభకు టీషర్టులు ఇస్తామని మీ ఆఫీసు మూడుసార్లు ఫోన్ చేసింది. ఆడవాళ్లు కదా, జాకెట్టు మీద, కమీజు మీద వదులుగా ఉండాలని ఆరుగురూ ఎల్ అన్నారు. సైకిళ్ల దుకాణం సైజులు అడిగితే మీరు ఆ టీషర్టుల లిస్టునే పంపారు. మళ్లీ ఫోన్ చేయడానికి బద్ధకం.

"సార్, గది అంగీ కొలత," అంది ఫర్హత్. "అంగీ జూసి కాలెంతో ఎట్ల జెప్తరు?"

సంతోష్ నవ్వాడు. "సైజు సైజే కదమ్మా. మిగతా ఐదుగురు ఏమన్నా అన్నరా?"

ఏమంటారు? అంటే పని పోతుందని సైకిళ్లను నెట్టుకుంటూ తిరుగుతున్నారు.

వారం గడువిస్తున్నాం, నేర్చుకోకపోతే నీ నాలుగు ఊళ్లు వేరేవాళ్లకు ఇస్తాం అన్నాడాయన.

"తొక్కుడు నాకొచ్చు సార్. కాళ్లు పొడుగయ్యే ఇకమతుంటే జర జెప్పుండ్రి," అని ఆమె లేచి వచ్చేసింది.

మీరందరూ చిన్నగా నవ్వి టీ తాగారు. చంద్రవ్వ పేరు ఎవరి నోటా రాలేదు.

సంతోష్ గారూ, మీ గడువు సంగతి తర్వాత. ఫైలులో ఆ వాక్యం ఈ రోజే కొట్టేయండి. టేపు పట్టుకుని ఆరుగురి దగ్గరికీ ఒక ఆడమనిషిని పంపండి. కాలుకు సరిపడే ఫ్రేము, డబ్బా ఆగే క్యారియర్ ఉన్న సైకిళ్లు తెప్పించండి. అవి వచ్చేదాకా, వెనక సైకిల్ కట్టుకుని గుట్టకు పోయే మీ కారులో రేపు పొద్దున ఏడింటికి పెద్దేముల్ రండి. ఫర్హత్‌ను, డబ్బాను ఎక్కించుకుని తొమ్మిది లోపల చంద్రవ్వ గడప దగ్గర దింపండి. ఎల్లుండి మళ్లీ రండి.