తొమ్మిదో వరుస తూకాలు

నెల రోజులు నీళ్లు ఆపేసి, ఏ తల్లిచెట్టు పిల్లమొక్కలు కరువుకు ఓర్చుకుంటాయో తేల్చడం చెట్ల పరిశోధన కేంద్రంలో ఆమె పని. గాజు షెడ్డు నిండా పైన్ మొక్కలు, ఒక్కో తల్లిచెట్టు విత్తనాలకు ఒక్కో వరుస. రోజూ పొద్దున్నే ప్రతి కుండీనీ కాటా మీద పెట్టి బరువు రాసుకోవాలి. ఎంత తగ్గితే అంత నీరు ఖర్చయినట్టు.

ఇరవయ్యో రోజుకు అన్ని వరుసలూ వాడి వేలాడిపోయాయి. తొమ్మిదోది మాత్రం పచ్చగా, ఏమీ ఎరగనట్టు నిలబడింది. ఆమెకు ఒళ్లు మండింది. షెడ్డు తాళాలు తోటమాలి దగ్గరే ఉంటాయి. మొక్క వాడితే ఆయన ప్రాణం గిలగిల్లాడుతుందని ఊరంతా ఎరుగుదురు.

"ఏమయ్యా, దొంగచాటుగా నీళ్లు పోశావు కదూ?" అని టీ వేళ పదిమందిలో నిలదీసింది. అంతవరకూ ఆయన ఆమెకు బాబాయ్.

"పొయ్యలేదమ్మాయ్. తూకాలు చూసుకో."

"నాకే పాఠాలు చెబుతున్నావా?"

తాళాలు లాక్కుని, ఆయన్ని గేటు దగ్గర ఊడ్చే పనికి వేయించింది.

నెలాఖరున లెక్కలు ముందేసుకుంది. తొమ్మిదో వరుసలో ఏ కుండీ బరువూ ఒక్కరోజైనా పెరగలేదు. నీళ్లు పోస్తే పెరగాలి కదా! మిగతావి గ్లాసు నీళ్లు ఖర్చు చేస్తే ఇవి చెంచాడే. మొదటి రోజే ఆకుల రంధ్రాలు బిగించుకుని నీరు దాచుకున్నాయి. అది తల్లిచెట్టు నుంచి వచ్చిన గుణం. ఏడేళ్లుగా ఆమె వెతుకుతున్నది అదే. అది కళ్లెదుట నిలబడితే దొంగతనం అనుకుంది. చదువుకున్న బుర్ర మరి! పైగా ఆ అంకెలన్నీ తన చేతిరాతే.

సిగ్గుతో చచ్చిపోయింది. ఆయన్ని గదిలోకి పిలిచి నాలుగు ముక్కలు చెప్పేస్తే పోతుందనుకుంది మొదట. తిట్టింది పదిమందిలో, తప్పు ఒప్పుకునేది చాటుగానా? ఆ ఆలోచనకు మరీ సిగ్గేసింది.

టీ వేళకు తాళాలు పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లింది. అందరూ ఉన్నారు.

"తప్పు నాదే బాబాయ్. నువ్వు చుక్క నీరు పొయ్యలేదు. తూకాలు చూడకుండా నోరు పారేసుకున్నాను. క్షమించు."

ఆయన చీపురు గోడకు ఆనించి, చేతులు తుడుచుకుని తాళాలు అందుకున్నాడు. తిన్నగా షెడ్డులోకి వెళ్లి, వాడిన వరుసల మధ్య నిలబడి, వెనకాలే వచ్చిన ఆమెను అడిగాడు.

"ఇప్పుడు నీళ్లు పొయ్యొచ్చా, మేడమ్?"

ఏడేళ్లలో ఆయన ఆమెను అలా పిలవడం అదే మొదటిసారి. ఆమె తలూపింది గానీ, తల ఎత్తలేకపోయింది.