రెండు గీతల పుల్ల

గోదావరికి పెద్ద వరద వచ్చి లంకలన్నీ మునిగాక మూడో ఏడు అది.

నేను ఒక ఇనుప పుల్లను. కారు ఇంజన్‌లో ఆయిల్ ఎంత ఉందో చెప్పడమే నా పని. ఏ ఊరి కార్ఖానాలో పుట్టానో తెలీదు. అక్కడ నా ఒంటి మీద రెండు గీతలు పెట్టారు. ఆయిల్ ఆ రెంటి మధ్య ఉండాలి. కింది గీత దిగితే ఇంజన్ ఎండుతుంది. పై గీత దాటితే కక్కుకుంటుంది. నాకున్న చదువు అంతే. అదైనా ఎవరూ వినలేదు.

మొదటి యజమాని ఒక కాంట్రాక్టరు. నన్ను ఒక్కసారీ బయటికి తీయలేదు. రెండో ఆయన తీసి, వీపు గోక్కుని, మళ్ళీ పెట్టేసేవాడు. మూడోవాడు రావులపాలెం టాక్సీ డ్రైవరు గన్నెయ్య. రోజూ తీసేవాడు. కానీ బండి ఆపీ ఆపగానే, ఆయిల్ కిందికి దిగకముందే తీసేవాడు. తుడిచేవాడు కాదు. ఏదో అర్థమైనట్టు తల ఊపి గుచ్చేసేవాడు. ఆ తల ఊపడం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఆ ఏడు ఊళ్ళో మోతుబరి చిట్టబ్బాయి గారి కొడుకు పెళ్ళికి బండి కుదిరింది. పొద్దున్నే పెళ్ళికొడుకుని తీసుకెళ్ళాలి, మర్నాడు పెళ్ళికూతుర్ని తేవాలి. బేరాల్లేక బండి పడుకున్న రోజులు. ఆ ఇంట్లో మెప్పు పొందితే చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నీ గన్నెయ్యవే.

బండికి పూలు కట్టారు. గన్నెయ్య నన్ను తీశాడు. ఆయిల్ గీతల మధ్య చక్కగా ఉంది.

"పైదాకా లేదేంటండీ?" అంది అతని భార్య సత్యవేణి.

"చాల్లేవే."

"పెళ్ళికెళ్ళే బండండీ. బిందె నిండుగా పెడతాం, దీపం నిండుగా పెడతాం. దీనికొక్కదానికే వెలితా?"

గన్నెయ్యకి ఎదురు చెప్పడం రాదు. డబ్బా వంచాడు. పై గీత మునిగింది. నా మెడ దాకా వచ్చింది. నాకు నోరుంటే ఊరంతా వినేది.

ఏటిగట్టు ఎక్కేచోట ఇంజన్ అరిచింది కానీ బండి కదల్లేదు. ఎక్కువైన ఆయిల్ కారి క్లచ్‌లోకి పోయింది. వెనక ఒకటే పొగ. పెళ్ళికొడుకు పట్టుపంచె ఎగ్గట్టి తోశాడు. చివరికి కొబ్బరికాయల లారీ ఎక్కి ముహూర్తానికి పోయాడు.

చిట్టబ్బాయి గారు లారీలోంచి తొంగిచూశారు. "రేపు కోడల్ని కూడా కాయల మీదే తెమ్మంటావా గన్నెయ్యా?"

"లేదండి. పొద్దున్నే వస్తానండి."

"రాకపోతే ఇంకెప్పుడూ మా గుమ్మం తొక్కకు."

మెకానిక్ మస్తాన్ సాయంత్రం దాకా క్లచ్ విప్పి కడిగాడు. ఎక్కువైన ఆయిల్ వంపేశాడు. "ఇంజన్‌కి పెళ్ళి భోజనం పెట్టావేంటన్నా? పీకల దాకా తాగించావు."

"మీ వదిన వెలితంది."

"మరి ఈ గీతలెందుకున్నాయి?"

"అవి ఎప్పుడూ ఉన్నవేగా," అన్నాడు గన్నెయ్య.

నా బతుకంతా ఆ ఒక్క మాటలో తేలిపోయింది.

మర్నాడు పొద్దున్నే బండిని చదును నేల మీద నిలబెట్టాడు. స్టార్టు చేయకముందే నన్ను తీశాడు. గుడ్డతో తుడిచాడు. మళ్ళీ ముంచి తీసి, వెలుగుకి పట్టి చూశాడు. గీతల మధ్యనే ఉంది. వెనక సత్యవేణి డబ్బాతో నిలబడింది.

"కొంచెమన్నా పొయ్యండి..." అంది.

గన్నెయ్య ఆమె చేతిలోంచి డబ్బా తీసుకుని, బదులు కుంకుమ భరిణె పెట్టాడు. ఆమె బానెట్‌కి బొట్టు పెట్టేదాకా ఆగి, పెళ్ళికూతురి కోసం బయలుదేరాడు.