మరిది ఎంచిన మడత కత్తి

ఆకులు పండబారడం మొదలైందంటే మా కొట్లో కాలు పెట్టడానికి చోటుండదు. సర్వే వాళ్లు, కంచెలు కట్టేవాళ్లు, పుట్టగొడుగులు ఏరేవాళ్లు, సరదాకి గుడారాలేసుకుని పడుకునేవాళ్లు, అందరికీ ఒకేసారి కత్తులు గుర్తొస్తాయి. వచ్చినవాడు వచ్చినట్టే గాజు బల్ల మీదకి వంగి, అన్నిటికన్నా పెద్దదేదో మెరిసేదేదో అడుగుతాడు. ఏం కొయ్యాలి బాబూ అంటే తెల్లమొహం వేస్తాడు. మొన్న ఒకాయనకి మల్టీటూల్ కావాలిట. పట్టకారు, రంపం, స్క్రూడ్రైవరు, డబ్బా మూత తీసేది, చివరికి పళ్లు కుట్టుకునే పుల్ల కూడా అందులోనే ఉండాలిట. "మీ ఆవిడ కూడా అందులోనే మడిచి ఉండాలా?" అని అడిగేశాను. పాపం, నవ్వుకుంటూనే కొనుక్కున్నాడు. నా నోరు అలాంటిది. ఈ నోటికి జడిసే మా ఆయన వెనక గదిలో సానరాయి దగ్గర కూర్చుంటాడు, ముందుకి రమ్మన్నా రాడు.

నోరు ఎలాంటిదైనా చేతికిచ్చే సరుకు మాత్రం మంచిదే ఇస్తాను. మడత కత్తి ఏదైనా సరే, తెరిచి, దాని వీపుని బల్ల అంచుకేసి ఒక్క దెబ్బ కొడతాను. తెరిచిన అలుగుని పట్టి ఉంచే లాక్ నిలిస్తే అమ్ముతాను. మడత పడితే పక్కన పడేస్తాను. వేళ్లు తెగ్గోసే కత్తిని నా చేత్తో ఎవరికీ ఇవ్వను. మా నాన్న బతికున్నన్నాళ్లూ అలాగే చేశాడు, నేనూ అంతే.

మా చెల్లి చెట్లెక్కుతుంది. అంటే సరదాకి కాదు, అదే దాని ఉద్యోగం. అడవి నర్సరీ వాళ్లకి పెద్ద చెట్ల విత్తనం కావాలి. అది నేల మీద రాలితే పురుగు పడుతుంది కాబట్టి, రాలకముందే పైకెళ్లి కోసి సంచుల్లో దించాలి. ఆకురాలే కాలంలోనే ఆ పని. ఒకరు తాడు మీద పైకెక్కుతారు, ఒకరు కింద నిలబడి ఆ తాడు పట్టుకుంటారు. ఆ ఇద్దరినీ తాడు జంట అంటారు. మా చెల్లి పైన, దాని మొగుడు కింద. అంతకుముందు ఆ అబ్బాయే పైకెక్కేవాడు, ఇది కింద ఉండేది.

మార్పించింది నేనే. రెండేళ్ల కిందట ఆ అబ్బాయి మోకాలు బెణికింది. ఇద్దరూ దాచారు. నేను చూశాను, కుంటుతున్నాడు. ఆ మోకాలితో చెట్టెక్కి పడితే ఎవడిది పూచీ? నర్సరీ ఆఫీసరుకి ఫోన్ చేసి చెప్పేశాను. అంతే, మరిదిని పైకెక్కనివ్వడం మానేశారు. ఆ రోజు నించీ నాతో మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. ఉండనీ. బతికున్నాడు కదా!

ఈ తాడు జంటల్లో ఒక పట్టింపుంది. తాడు చిక్కుపడితే కోసుకోవడానికి ఉంచుకునే కత్తిని ఎవరిది వాళ్లు కొనుక్కోరు. పైవాళ్ల కత్తి కిందివాళ్లు ఎంచాలి, కిందివాళ్లది పైవాళ్లు ఎంచాలి. పైగా, జతగాడు ఇచ్చిన కత్తిని తెరిచి పరీక్ష చెయ్యకూడదు. అలా చేస్తే నీ మీద నమ్మకం లేదని మొహాన అన్నట్టే. ఇచ్చింది ఇచ్చినట్టు ఛాతీ మీద పట్టీకి తగిలించుకుని పైకెక్కాలి. కింద ఉండేవాళ్లకి ఒరలో కత్తయినా, మల్టీటూల్ అయినా పరవాలేదు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి కాబట్టి. పైవాళ్లకి మాత్రం మడత కత్తే. ఒరలో కత్తి జారిపడిందంటే కిందవాడి నెత్తి మీదే దిగుతుంది. అదీ ఒంటి చేత్తో, బొటనవేలితో తోస్తే తెరుచుకునేది కావాలి, రెండో చెయ్యి కొమ్మకే సరిపోతుంది.

మొన్న సోమవారం మధ్యాహ్నం మరిది వచ్చాడు. "దానికి కత్తి" అన్నాడు, అంతే. కూర్చోడు, మంచినీళ్లు తాగడు. పోయిన ఏడాది ఇలాగే వచ్చి సగం పూట తినేశాడు, అది వంకర, ఇది బరువు, దీని పిడి చలికి జారుతుందని. అప్పుడు ఒళ్లు మండిందిగానీ లోపల సంతోషించాను, పెళ్లాం అంటే ప్రాణం అనుకున్నాను. ఈసారీ అలాగే అనుకుని కొత్తగా వచ్చిన నీలం పిడి కత్తుల పెట్టె తీసి ముందు పెట్టాను. ఇంకా నేను ఒక్కటీ కొట్టి చూడలేదు.

ఒక్కొక్కటీ తీశాడు. బొటనవేలితో తెరిచాడు, బల్ల అంచుకేసి వీపు కొట్టాడు. మా కొట్టు పద్ధతి అతనికీ తెలుసు. మొదటిది నిలిచింది. రెండోదీ నిలిచింది. అలా నిలిచినవన్నీ పక్కకి తోసేస్తున్నాడు. నాకు అర్థం కాలేదు. ఇంకొకటి తీశాడు. అది తెరవడానికి వేలు ఆనిస్తే చాలు, జారిపోతున్నట్టు తెరుచుకుంది. కొట్టాడు. టక్కున మడత పడి అతని వేలి పక్కనించి పోయింది.

"అయ్యో, దాన్ని ఇటు పడెయ్యి" అన్నాను.

పడెయ్యలేదు. మళ్లీ తెరిచాడు. మళ్లీ మూశాడు. నాలుగైదు సార్లు అదే పని, కిటికీ వైపు తిరిగి. ఆ తర్వాత నా వైపు చూడకుండా "ఇదే చాలు" అన్నాడు.

"చాలు ఏమిటయ్యా? లాక్ నిలవదు. చూశావుగా?"

"చూశాను వదినా. ఇదే ఇవ్వండి."

"ఎందుకు?"

చేతులు రెండూ జేబుల్లోకి పోయాయి. "దానికి ఇదే బాగుంటుంది" అన్నాడు.

నిలిచిన కత్తులు అన్నేసి ఉంటే నిలవని దాన్ని ఏరి మరీ పెళ్లానికి కొనేవాణ్ణి నేను ఇన్నేళ్లలో చూడలేదు. మోకాలు పోయింది, చోటు పోయింది, ఇప్పుడు అందరూ మెచ్చుకునేది ఆ పిల్లని. కింద నిలబడి రోజంతా తలెత్తి దాన్ని చూడాలి. మనిషికి కడుపుమంట పుట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి? అరిచి గోల చేద్దును. కానీ అరిస్తే ఇంకో కొట్టుకి పోయి ఇంతకన్నా చెత్తది కొంటాడు. నా నోరు మూసుకోవడం నాకే వింతగా అనిపించింది.

"సరే, పిడికి తాడు కట్టించి ఇస్తాను, ఉండు" అన్నాను. ఎవరికమ్మినా కడతాం, జారిపోకుండా. వెనక గదిలోకి తీసుకెళ్లాను. కూడా పెట్టెలోంచి అదే నీలం పిడి కత్తి ఇంకోటి కొంగులో పెట్టుకెళ్లాను. దాన్ని నేనే కొట్టాను, ఒకసారి కాదు, చెయ్యి నొప్పెట్టేదాకా. తెరవడానికి కాస్త బిగువే, కానీ తెరుచుకుందంటే ఏనుగు తొక్కినా మడత పడదు. మా ఆయన రాయి ఆపి "ఏమిటే?" అన్నాడు. "నీ పని నువ్వు చూసుకో" అన్నాను. మంచిదానికి తాడు కట్టి మరిది చేతిలో పెట్టాను. తెరిచి చూడకుండానే జేబులో వేసుకున్నాడు. వదిన ఇచ్చిందిగా!

ఆ సాయంత్రం చెల్లి ఇంటికి వెళ్లాను. ఇద్దరే ఉండే రెండు గదులు. తాళ్లు చుట్టలు చుట్టి గోడకి వేలాడుతున్నాయి. ఇద్దరూ ఏదో గుసగుసగా మాట్లాడుకుంటున్నవాళ్లు నన్ను చూసి టక్కున ఆపేశారు. చెల్లి కుడి చేతిని శాలువాలో దాచుకుని కూర్చుంది, మొహం పీక్కుపోయి ఉంది. టీ గిన్నె దించబోతే మొగుడు గబుక్కున లేచి "నువ్వుండు" అని లాక్కున్నాడు. అది ఉలిక్కిపడింది.

అతను కట్టెలకి బయటికెళ్లగానే దాని పక్కన కూర్చున్నాను. "ఏమిటే, ఏమైనా ఉంటే చెప్పు. కొడుతున్నాడా?"

"ఛీ, ఏం మాటలక్కా."

"మరి ఆ మొహమేమిటి?"

శాలువా ఇంకా దగ్గరికి లాక్కుంది. "నీకు చెప్తే ఊరుకోవక్కా. అందుకే చెప్పను."

"అంటే ఉందన్నమాట."

"ఈ కాలం ఒక్కటీ గడవనీ. తర్వాత నేనే చెప్తాను. ఆయన్ని ఒక్క మాట అనకు, నీ కాళ్లు పట్టుకుంటాను" అంది. కళ్లల్లో నీళ్లు. భయపడ్డ పిల్ల మొహం నాకు తెలియదా, చిన్నప్పుడు దాన్ని ఎత్తుకు తిప్పింది నేనే. నా చెల్లిని చంపుకోవడానికి నేను సిద్ధంగా లేను. రేపు నేనూ వెంట వస్తానన్నాను. వద్దంది. వద్దంటే మానేదాన్నయితే నేను నేనెందుకవుతాను?

పొద్దున్నే వాళ్లు విత్తనం కోసే తోటకి చేరాం. నేలంతా తడిసిన ఆకులు, అడుగేస్తే మెత్తగా దిగుతోంది. చలిగాలి ఉండుండి విసురుతోంది, పైన కొమ్మలు ఒకదానికొకటి రాసుకుని కీచుమంటున్నాయి. మరిది దానికి పట్టీలు బిగించాడు. ఒక్కొక్క బకిలూ తనే పెట్టాడు, దాన్ని ముట్టుకోనివ్వలేదు. చివర్న నీలం కత్తి ఛాతీ పట్టీకి తగిలించి ఏదో చెవిలో చెప్పాడు. అది తలూపింది. నేను రెప్ప వెయ్యకుండా అతని చేతులే చూస్తున్నాను. ఏం చేస్తావో చెయ్యి, కత్తి మాత్రం మంచిది పెట్టాను అనుకున్నాను.

మానుకి ఆనించిన నిచ్చెన మీదుగా చెల్లి ఎక్కింది. పైకి వెళ్లి నడుం తాడు కాండం చుట్టూ వేసుకుని ఎడమ చేత్తో కాయలు తెంపి సంచిలో వెయ్యడం మొదలుపెట్టింది. మొదటి సంచి దిగింది, రెండోది దిగింది. మరిది, పై కొమ్మ మీదుగా దాని పట్టీలకి కట్టిన పై తాడు పట్టుకుని ఉలకడు పలకడు. నా గుండె కూడా కాస్త కుదుటపడుతోంది.

అప్పుడు గాలి గట్టిగా విసిరింది. పైన ఫెళ్లుమంది. దాని నెత్తి మీది పెద్ద కొమ్మ విరిగి కిందికి జారి, నడుం తాడు మీద పడి అక్కడే వేలాడింది. ఆ బరువుకి తాడు బిగిసి దాన్ని కాండానికేసి అదిమేసింది. ఎడమ చెయ్యి తాడుకీ మానుకీ మధ్య ఇరుక్కుపోయింది. ఊపిరాడక అది చేస్తున్న చప్పుడు కిందికి వినిపించింది.

"కత్తి తియ్యి!" మరిది అరిచాడు. "నడుం తాడు కోసెయ్యి! పై తాడు నేను పట్టుకున్నాను, పడవు!"

కుడి చేత్తో కత్తి తీసింది. తోస్తోంది. మళ్లీ తోస్తోంది.

"రావట్లేదు!" గొంతు సన్నగా వచ్చింది.

"గట్టిగా తొయ్యకు! ఆనిస్తే చాలు, జారుతూ తెరుచుకుంటుంది! వదులుదే ఏరి తెచ్చాను నీకు. వేలికి పట్టు అక్కర్లేదు!"

"ఏ వేలు?" అన్నాను.

"బొటనవేలు వదినా, ఏ వేలేమిటి! నరం దెబ్బతిని నెల నించీ పట్టు లేదు. బిగువుగా ఉండేదేదీ తెరవలేదు." పై నించి చూపు తిప్పకుండానే చెప్తున్నాడు. "బిగిసిన తాడు కొయ్యడానికి లాక్ ఎందుకు, అంచు తగిలితే తెగుతుంది. మీకు తెలిస్తే దాన్నీ దింపించేస్తారని నా చేత ఒట్టేయించుకుంది."

నాకు నోరుంది కదా, ఊరంత నోరు. అందులోంచి ఒక్క మాట వస్తే ఒట్టు. బకిలుకి తగిలించి లాగవే అని అరవాలి. పళ్లతో పట్టుకో అని అరవాలి. అరిచాననే అనుకున్నాను, పెదాలు మాత్రమే కదిలాయి.

పైన దాని వేళ్లు జారాయి. పిడి తాడు చేతికి వేసుకునే తీరిక దానికెక్కడిది. కత్తి కొమ్మలకి తగులుతూ వచ్చి మా ముందు ఆకుల్లో పడింది. మూసే ఉంది.

మరిది ఒంటి చేత్తో దాన్ని తీసి బొటనవేలు ఆనించాడు. కదల్లేదు. మొగాడి వేలు, గట్టిగా తోస్తేగానీ కదల్లేదు. అప్పుడు నా వైపు చూశాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"వదినా, ఇది నేను కొన్నది కాదు."

నా జవాబు కోసం ఆగలేదు. పై తాడు తెచ్చి నా రెండు చేతుల్లో పెట్టి, నా నడుం చుట్టూ ఒక చుట్టు వేశాడు. "ఏమైనా సరే వదలకండి" అని తన కత్తి పళ్లతో కరుచుకుని, ఆ మోకాలితోనే, ఒంటికి ఏ తాడూ కట్టుకోకుండా నిచ్చెన ఎక్కేశాడు. నిచ్చెన అయిపోయాక కొమ్మలు పట్టుకుని ఎగబాకుతున్నాడు. కాలు జారుతోంది, మళ్లీ ఆనుతోంది. ఇంకా సగం దూరం ఉంది.

నేను తాడు పట్టుకున్నాను. పైన చెల్లి పెనుగులాడుతుంటే నా అరచేతుల్లో అది అదురుతూ ఉంది, ఇంకా ఉంది, ఇంకా ఉంది అనుకుంటూ కళ్లు మూసుకుని పట్టుకున్నాను. మరిది ఇంకా కొమ్మల్లోనే ఉన్నాడు, దాన్ని పేరు పెట్టి పిలుస్తున్నాడు. తాడు అదరడం ఆగిపోయింది.