తగల్లేదక్కా

వోలిన్ ద్వీపంలో వెయ్యేళ్ల కిందటి యుద్ధాలను వేషాలు కట్టి ఆడేవాళ్లకు తీర్పరి ఉండడు. దెబ్బ తగిలినవాడే తగిలిందని ఒప్పుకుని, చచ్చినట్టు కింద పడాలి. కత్తులు మొద్దువే గానీ మాట మొద్దుబారకూడదు. ఒప్పుకోనివాడికి అక్కడ మందు ఒక్కటే: ఒప్పుకునేదాకా గట్టిగా కొట్టడం.

ఆ సాయంత్రం ఆ మందు పడాల్సింది బోగ్నా సొంత తమ్ముడు రాదోష్‌కి. కొన్నాళ్లుగా ఎడమ చేతి మీద ఎవరు కొట్టినా వాడు పడడం లేదు. జట్టుకు నాయకురాలు బోగ్నా. ఆదివారం జాతర యుద్ధంలో వాణ్ణి ముందు వరసలో తన పక్కన నిలబెట్టుకోవాలని ఆమె ఎన్నాళ్లనుంచో కలలు కంటోంది. దొంగాటగాడికి ఆ వరసలో చోటు లేదు.

"నాయకురాలి తమ్ముడికి చావు రాసిపెట్టలేదర్రా!" నెగడు దగ్గర కూర్చున్న జెనోన్ అన్నాడు. జట్టులో అందరికంటే పాతకాపు. "మనమంతా చచ్చి బురదలో పడుంటే, వీడొక్కడే లేచి జావ తాగుతాడు."

"నువ్వు నోరు మూసుకో జెనోన్ మామా," అంది బోగ్నా. సిగ్గుతో ఆమె తల కొట్టేసినట్టయింది.

రాదోష్ నవ్వుతూ మంట మీది ఇనప కుండను ఎడమ చేత్తో, గుడ్డైనా పట్టకుండా దింపాడు. ఎలుగుబంటి చెయ్యిరా నీదని అందరూ కేకలేశారు. బోగ్నా కూడా నవ్వింది.

"డాలు తియ్యి," అంది. "తగిలితే పడు. కథలొద్దు."

"తగిలితే పడనా అక్కా? కోటు మందం. తెలీట్లేదు."

"తెలిసేలా కొడతాలే."

మొదటి దెబ్బ ఎడమ భుజం కింద పడింది. "తగల్లేదు," అన్నాడు. రెండోది అక్కడే, ఇంకా గట్టిగా. "తగల్లేదక్కా."

"సిగ్గు లేదట్రా నీకు? అందరి ముందూ నా పరువు తీస్తావా?"

ఆమెకు ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. ఒంట్లో బలమంతా కూడదీసుకుని మోచేతి మీద కొట్టింది. ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. నెగడు దగ్గర నవ్వులు ఆగిపోయాయి.

డాలు బురదలో పడింది. రాదోష్ దానికేసి వింతగా చూసి, తీసుకుందామని వంగాడు. చెయ్యి రాలేదు. మోచేతి కింద అది వెనక్కి తిరిగి వేలాడుతోంది. అరచేతినిండా కుండ కాల్చిన బొబ్బలు.

వాడు ఒక్కసారి కూడా అబద్ధం ఆడలేదని బోగ్నాకు అప్పుడు తెలిసింది. కత్తి పక్కన పడేసింది. బురదలోనే కూర్చుని ఏడ్చేసింది.

రాదోష్ కంగారుగా ఆమె ముందు కూర్చున్నాడు.

"ఏడవకక్కా. ఒట్టు, నిజంగానే తగల్లేదు."