చౌరస్తాలో ఆగిన బండి

కారు బాగుచేయమని ఎల్సీ అడగలేదు. చౌరస్తాలో ఎందుకు ఆగిందో చెప్పమంది. ఏ రోజు ఆగిందో మాత్రం మెకానిక్ జావీద్‌కు చెప్పలేదు.

నెల క్రితం భర్త సుందర్‌రాజుకు ఛాతీలో నొప్పి వస్తే, కొండాపూర్ నుంచి ఈ ఇరవై ఆరేళ్ల కారులోనే ఆసుపత్రికి బయలుదేరింది. పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో, కంపెనీ బస్సుల మధ్య, బ్రేకు తొక్కగానే ఇంజన్ ఆగిపోయింది. మళ్లీ అందుకునేసరికి పన్నెండు నిమిషాలు. ఆసుపత్రి గేటు దాటేలోపే ఆయన చేయి చల్లబడింది. ఆమె డ్రైవింగ్ నేర్చుకుని ఏడాది కూడా కాలేదు. తన కాలే ఏదో తప్పు తొక్కిందని అప్పటి నుంచి నిద్ర లేదు.

జావీద్ బానెట్ ఎత్తాడు. "సార్ పోయినా బండి మెరుపు పోలే ఆంటీ. నా మొఖం కంటె ఇంజనే సాఫ్‌గుంది."

తాళం తిప్పితే ఇంజన్ ఎగసి, తగ్గి, ఆగబోయి మళ్లీ అందుకుంటోంది.

"ఎక్కడనో బయటి గాలి గుంజుతుంది. గందుకే బ్రేకేస్తే బందైతది."

సిరంజిలో పెట్రోలు నింపి, ఒక్కో రబ్బరు పైపు మీద చుక్క చుక్క వదిలాడు. మూడింటి దగ్గర ఏమీ కాలేదు. నాలుగో పైపు మీద చుక్క పడగానే ఇంజన్ ఒక్కసారి హోరెత్తింది.

"దొరికింది. సూడుండ్రి, సుక్కను లోపలికి గుంజింది."

ఇంజన్ ఆపి పైపు ఊడదీశాడు. అది ఉబ్బి, మెత్తబడి, అడుగున చీలి ఉంది.

"నేను నడిపినందుకు కాదా జావీద్?"

"తోబా. మీదేం లేదు. ఎవరు నడిపినా ఆగుతుండె."

నెల తర్వాత మొదటిసారి ఎల్సీకి ఊపిరి కడుపు దాకా దిగింది.

జావీద్ పైపును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "డీజిల్ వాసన. మెరుపు కోసం డీజిల్ గుడ్డతోని రుద్దిండ్రు. అది రబ్బరును తినేస్తది. ఒక్కనాటిది కాదు, ఏండ్ల సంది. ఎవరు తుడుస్తుండె ఆంటీ?"

శనివారం సాయంత్రాలు. తెల్లారితే చర్చి ముందు నిలబడే బండి మురికిగా ఉండకూడదని, సుందర్‌రాజు బనియన్‌తోనే ఇంజన్ మీదికి వంగి, వేలు దూరని సందుల్లో పుల్లకు గుడ్డ చుట్టి తుడిచేవాడు. ఆ పని ఇంకెవరినీ చేయనిచ్చేవాడు కాదు.

"నేనే," అంది ఎల్సీ.

"సార్ వద్దనలేదా?"

"అన్నడు. నేనే ఇనలే."

జావీద్ నాలుక చప్పరించి, కొత్త పైపు తెచ్చి బిగించాడు. "ఇగ డీజిల్ ముట్టకుండ్రి. సరేనా?"

"ముట్ట," అంది ఎల్సీ, తల దించుకుని.