పగలని ములికి

శనివారం పొద్దున కాఫీ కాగానే విశ్వనాథం గరాజ్‌లోకి వెళ్ళి, సానరాయి మీద రెండు చుక్కల నూనె వేసుకుని, బాణాల ములుకులకు పదును పెట్టేవాడు. షాంటిలీలో ఆ వీధి తెలుగువాళ్ళు అదే వేళకి లాన్ కోసుకుంటూనో, పిల్లల్ని కూచిపూడి క్లాసులో దింపుతూనో ఉండేవారు. ఆయన వేట వాళ్ళకి అలవాటైపోయింది. ముప్ఫై ఏళ్ళు ఉక్కును పరీక్షించే లాబ్‌లో పనిచేసి రిటైరైన మనిషి. కప్పీలు బిగించిన కొత్తరకం విల్లంటే ఆయనకి చిన్నచూపు. ఒంటి కర్రను వంచి నారి కట్టిన పాతకాలపు విల్లు, దేవదారు బాణాలు, అంతే.

2008లో ములుకులు కూడా తనే చేసుకున్నాడు. వేట సామాన్ల కొట్టు నడిపే ముసలి ఎర్ల్ ఒకటి చేతిలోకి తీసుకుని గోటితో మీటి చూశాడు.

"మరీ గట్టిపడింది విశ్వా. పదును బాగానే నిలుస్తుంది. ఎముక తగిలితే మాత్రం గాజుముక్కలా విరుగుతుంది."

"ఉక్కు సంగతి నాకు చెబుతున్నావా?" అని నవ్వాడు విశ్వనాథం.

ఆ అక్టోబరులో ఇంటి వెనక అడవిలో ఒక లేడి పదిహేను గజాల దూరంలో నిలబడింది. బాణం కుడి జబ్బ ఎముకకి తగిలింది. ములికి సగానికి విరిగి లోపల ఉండిపోయింది. లేడి కుంటుకుంటూ వాగు దాటి పారిపోయింది. సరిగ్గా అప్పుడే ఇంట్లో పోపు వేస్తున్న ఆయన భార్య జ్ఞానప్రసూన చేతిలోంచి మూకుడు జారిపోయింది. కుడిచెయ్యి మళ్ళీ పైకి లేవలేదు.

వాళ్ళ ఊరివాడే, డెబ్భైల దశకంలోనే ఇక్కడికి వచ్చి స్థిరపడిన డాక్టర్ యజ్ఞనారాయణ ఎక్స్-రే తీశాడు. జబ్బలో మూడు మూలల తెల్లటి ముక్క స్పష్టంగా కనిపించింది.

"ఆపరేషన్ చేసి తీసెయ్యండి అన్నయ్యగారూ" అంది ఆమె.

"ఇక్కడ కోస్తే ఏం దొరుకుతుందమ్మా? ముక్క లేడిలో ఉంది." ఆయన ఫిల్మ్ కవర్లో పెట్టేశాడు. "నొప్పికి మాత్రలు రాస్తాను. ఆ లేడి పోయేదాకా ఇంతే. విశ్వనాథం, ఈసారి సరైన ములికి చూసుకోవయ్యా."

అలా మొదలైంది వెతుకులాట. విశ్వనాథం తన లెక్క ఎక్కడ తప్పిందో నోట్సు రాసుకున్నాడు. భార్యకి క్షమాపణ చెప్పాలని మాత్రం తోచలేదు. ఎర్ల్ కొట్లో ఉన్న రకాలన్నీ తెచ్చాడు. కసాయి కొట్టు నుంచి ఎద్దు జబ్బ ఎముకలు తెచ్చి గరాజ్ దూలానికి వేలాడదీసి, ఒక్కో రకం పదేసి సార్లు కొట్టాడు. స్క్రూలతో బ్లేడులు బిగించినవి మొదటి దెబ్బకే ఊడిపోయాయి. మెత్త ఉక్కువి కొస దగ్గర కొక్కెంలా వంగాయి. మూడు రెక్కలవి గట్టివే, కానీ ఈ విల్లు బలానికి ఎముకలో సగంలోనే ఆగిపోయేవి. ప్రతి దెబ్బకీ లోపల వంటింట్లో జ్ఞానప్రసూన ఉలిక్కిపడేది. ఆ సంగతి ఆయనకి తెలుసు. తలుపు మాత్రం వేసుకునేవాడు కాదు, వెలుతురు కావాలని.

చలికాలమంతా ఆమెకి ఆకలి. ఎంత తిన్నా బెరడు నమిలినట్టుండేది. మేలో ఒక ఉదయం రొమ్ములు బరువెక్కి జాకెట్టు తడిసింది. ఆమెకి యాభై నాలుగేళ్ళు. ఆ సాయంత్రం రెడ్‌మండ్‌లో ఉద్యోగం చేస్తున్న కూతురు ఇషాకి ఫోన్ చేసింది.

"దానికి పిల్ల పుట్టిందే."

"Oh, nice. అమ్మా, నాన్నకి అది ఎక్కడ ఉంటుందో చెప్పెయ్, please. ఒక్క షాట్‌లో అయిపోతుంది. నువ్వు ఎందుకు suffer అవ్వడం?"

"పిల్ల పాలు తాగుతోందే."

"అమ్మా, నాకు మీటింగ్ ఉంది."

ఆ వేసవిలో జ్ఞానప్రసూన వంట చేస్తూ చేస్తూ ఆగిపోయి నిలబడేది. పాదాల కింద వాగు చల్లదనం, పక్కన ఒరుసుకునే చిన్న ఒళ్ళు, నోట్లో లేతాకు వగరు. భుజం సలుపుతూనే ఉండేది. అయినా ఆ ఇంట్లో ఇన్నేళ్ళలో అంత సుఖంగా ఆమె ఎప్పుడూ లేదు. ఈ మాట ఎవరితోనూ అనలేదు.

సెప్టెంబరుకి విశ్వనాథం ములికి తేల్చుకున్నాడు. రెండంచులది, ఒకే ముక్క ఉక్కుతో చేసింది, ప్రతి అంచుకీ ఒకవైపే సానపట్టింది. దూసుకుపోతూ తిరుగుతుంది, తిరుగుతూ ఎముకను చీలుస్తుంది. నలభైసార్లు కొట్టినా కొస చెక్కు చెదరలేదు. దాన్ని భార్య ముందు డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు.

"గట్టిదనం కొంచెం తగ్గించారు, అదీ కిటుకు. విరగదు, వంగదు. ఇప్పుడు చెప్పు, అది పొద్దున పూట ఎక్కడుంటుంది?"

"తెలీదండీ."

"నీకు తెలుసు ప్రసూనా. కాళ్ళకి ఏం తగులుతోంది? నీళ్ళా, ఆకులా?"

నెలంతా అడిగాడు. అన్నం పెడుతుంటే అడిగాడు, పూజ దగ్గర అడిగాడు. నొప్పి మాత్రలు తన డ్రాయర్లో పెట్టుకుని తాళం వేశాడు. వేట సీజన్ మొదలైన రోజున ఆమె చెప్పింది.

"ఓక్ చెట్ల దగ్గర. కాయలు రాలినచోట."

తల్లి లేడి అప్పుడు వాగు ఒడ్డున ఉంది. ఓక్ చెట్ల వైపు ఎవరూ లేరనే అనుకుంది జ్ఞానప్రసూన. పిల్ల అయిదు నెలలది, ఆ మధ్యే పాలు మానింది. తల్లిని విడిచి ఎంత దూరం మేస్తోందో ఆమె ఒంటికి తెలియదు.

తొమ్మిదింటికి ఆయన దాన్ని ఈడ్చుకొచ్చాడు.

"ఆకుల మాటున కనబడింది, వేసేశాను. కాస్త చిన్నదే. ఎలా ఉంది చెయ్యి?"

ఆమె చూసింది. గరాజ్ గోడ పట్టుకుంది. "తగ్గిందండీ" అంది.

"ఏదీ, ఆ బియ్యం బస్తా ఎత్తు."

ఎత్తింది. పళ్ళు బిగబట్టి, పెదవి తెగి రక్తం వచ్చేదాకా ఎత్తి పట్టుకుంది. ఆయన కత్తి తీసుకుని పిల్ల రెండు జబ్బలూ కోసి, వేళ్ళతో నెమ్మదిగా తడిమి చూశాడు. ఉక్కు ముక్క లేదు.

కోపం తెచ్చుకోలేదు. చేతులు కడుక్కుంటూ అన్నాడు. "సరే. పిల్ల ఇక్కడుంటే తల్లే వస్తుంది. ఇంక నువ్వు చెప్పక్కర్లేదు."

కళేబరాన్ని పెరటి చివర, అడవి మొదలయ్యేచోట కొమ్మకి కట్టాడు. మడత కుర్చీ వేసుకుని, ఒళ్ళో విల్లు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజూ మర్నాడూ జ్ఞానప్రసూన గొంతులోంచి సన్నటి అరుపు ఒకటి ఆగకుండా వస్తూనే ఉంది. పక్కింటి ఉమ సాంబారు గిన్నె ఇవ్వడానికి వచ్చి కాసేపు విని, "వెతుక్కుంటోందా ఆంటీ?" అంది. "అవునమ్మా" అంది ఆమె.

మూడోరోజు మధ్యాహ్నం లేడి వచ్చింది. అది వస్తున్నట్టు జ్ఞానప్రసూనకి ముందే తెలిసి పెరట్లోకి పరుగెత్తింది. పళ్ళెం, గరిటె పట్టుకుని టంగుటంగుమని కొట్టింది. "పో! పోవే! పో!" అని గొంతు పగిలేలా అరిచింది. లేడి చెవులు కూడా కదపలేదు. కొమ్మకి వేలాడుతున్నదాన్ని ముక్కుతో తోస్తోంది, లేపడానికి.

విశ్వనాథం నారి లాగి వదిలాడు. ములికి ఒక జబ్బలోంచి దూరి రెండో జబ్బ చీల్చుకుని అవతల నేలలో దిగింది. లేడి అక్కడే కూలిపోయింది.

జ్ఞానప్రసూన కుడిచేతిలో గరిటె తలకన్నా పైన ఉంది. నొప్పి లేదు.

ఆయన ముందు బాణం పెరికి, మట్టి తుడిచి, ములికి కొసను ఎండకు పట్టి చూసుకున్నాడు. తర్వాత లేడి జబ్బ కోసి పాత ముక్కను తీశాడు, పంపు కింద కడిగాడు. అరచేతిలో పెట్టుకుని భార్య వైపు నడిచాడు.

"ఇదిగో. ఏడాదిగా ఏడుస్తున్నావుగా. తీసుకో."

ఇరవై గజాల దూరంలో ఉండగా ఆమె తల ఎత్తింది. ముక్కుపుటాలు అదిరాయి. ఆయన ఇంకో అడుగు వేసేలోగా ఆమె కంచె అవతల ఉంది. ఆ కంచె నాలుగడుగుల ఎత్తు. ఆమె చీర కుచ్చెళ్ళు కూడా చెదరలేదు.

ఆ రోజు నుంచి విశ్వనాథం తన భార్య దగ్గరికి వెళ్ళలేకపోయాడు. ఒకే ఇంట్లో ఉన్నారు. వంట చేసి టేబుల్ మీద పెట్టేది. ఆయన మెట్లు దిగేసరికి కుర్చీ మాత్రం ఇంకా వెచ్చగా ఉండేది. మేజోళ్ళతో నడిచి చూశాడు, సబ్బు మార్చాడు, గాలికి ఎదురుగా వచ్చి చూశాడు. వేటగాడికి తెలిసిన ఉపాయాలన్నీ అయిపోయాయి. ఇరవై గజాలు ఎన్నడూ పంతొమ్మిది కాలేదు. పాట్‌లక్ విందులకి పిలిచేవాళ్ళు ఆయనకి బేస్‌మెంట్‌లో, ఆమెకి పెరటివైపు డెక్ మీద వడ్డించేవారు. ఇషా పెళ్ళిలో పురోహితుడు పొడవాటి పసుపుతాడు ఒకటి తెప్పించి, కన్యాదానం ఆ చివర నుంచి ఈ చివరకి చేయించాడు.

2014 చలికాలంలో విశ్వనాథానికి పక్షవాతం వచ్చింది. కుడిపక్కంతా పోయింది, మాట ముద్దగా మారింది. ఆసుపత్రిలో కింది అంతస్తు గది. ఆమె పార్కింగ్ లాట్ అంచున, మంచు పేరుకున్న పొదల పక్కన రోజూ వచ్చి నిలబడేది. నర్సు చూసి, అడగకుండానే ఆయన మంచాన్ని కిటికీ వైపు తిప్పేది.

చివరిరోజు మధ్యాహ్నం ఆయన ఎడమచేత్తో కిటికీ తీయమని సైగ చేశాడు. నర్సు కొంచెం తెరిచింది.

"ప్రసూనా," అన్నాడు, శక్తంతా కూడగట్టుకుని. "ఒక్కసారి. రా."

ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. ఇంకో అడుగు వేసింది. ఆయన చూస్తూ ఉన్నాడు. అప్పుడు కిటికీ వైపునుంచి ఆమె మీదికి గాలి తిరిగింది. నర్సు మళ్ళీ చూసేసరికి పొదల దగ్గర మంచు మాత్రమే ఉంది.